వైజాగ్ టోర్నీ గ్రూపులో వేధింపుల ఆరోపణ: అతన్ని ఆడనివ్వాలా, పక్కన పెట్టాలా?

సిరిపురం_సేజ్
మన వైజాగ్ వాలరెంట్ (అయిదుగురు టీమ్‌గా ఆన్‌లైన్‌లో ఆడే షూటింగ్ గేమ్) గ్రూపులో ఉన్నవాళ్ళకి ఈపాటికి తెలిసే ఉంటుంది. తెలియనివాళ్ళ కోసం పేర్లు లేకుండా చెప్తాను, మీరు కూడా దయచేసి పేర్లు రాయకండి.

వచ్చే నెల టోర్నీకి పేరిచ్చిన ఒక టీమ్ కెప్టెన్ మీద అదే టీమ్‌లో ఆడిన అమ్మాయి ఆరోపణ చేసింది. ప్రాక్టీస్ అయిపోయాక అర్ధరాత్రి మెసేజ్‌లు. జవాబివ్వకపోతే "రేపటి నుంచి నీ ప్లేస్‌లో వేరేవాళ్ళని చూసుకుంటా" అనడం. వద్దని తేల్చి చెప్పాక వేరే ఐడీల నుంచి ఫ్రెండ్ రిక్వెస్ట్‌లు. ఇంక ఓపిక లేక స్క్రీన్‌షాట్‌లు గ్రూపులో పెట్టింది. కాసేపటికే అడ్మిన్ ఆ పోస్టు తీసేశాడు. సాయంత్రానికి ఆమెనే గ్రూపులోంచి తీసేశారు. కెప్టెన్ మాత్రం దర్జాగా ఉన్నాడు.

నిర్వాహకుల్ని అడిగితే "పర్సనల్ గొడవలు బయట చూసుకోండి, ఇక్కడ ఆట మాత్రమే" అన్నారు. టీమ్‌లో చోటు పోతుందని బెదిరిస్తే అది పర్సనల్ ఎలా అవుతుంది?

నేను అడిగేది ఇదీ. విచారణ జరిగేదాకా అతన్ని ఆడనివ్వాలా వద్దా? అసలు మనలాంటి చిన్న టోర్నీలకి విచారణ ఎవరు చెయ్యాలి? ఎక్కడైనా పద్ధతంటూ ఉందా?

గాజువాక_గన్నర్
ముందే చెప్తున్నా, నేను ఆ కెప్టెన్ ఫ్రెండ్‌ని కాదు. కానీ ఆరోపణ రాగానే ఆట ఆపేస్తే రేపు ఫైనల్‌కి ముందు రోజు ఎవరైనా ఎవరిమీదైనా ఒక పోస్టు పెట్టి టీమ్‌ని బయటికి పంపించేయొచ్చు. మిగతా నలుగురు ఏం చేశారు? నెలల తరబడి నిద్ర మానుకుని ప్రాక్టీస్ చేశారు. స్క్రీన్‌షాట్ ఎడిట్ చెయ్యడం ఎంతసేపు? పోలీస్ కంప్లయింట్ ఇవ్వమనండి. రుజువైతే జీవితాంతం బ్యాన్ చెయ్యండి, నేనే చప్పట్లు కొడతా.

హెడ్‌షాట్_హేమ
ఫైనల్‌కి ముందు రోజు పోస్టు పెట్టిన అమ్మాయిని ఒక్కరిని చూపించు గన్నర్. పెట్టాక ఆమె మీద ఎంతమంది పడ్డారో నేను చూపిస్తా. "ఫేమ్ కోసం" అన్నారు, "బ్రేకప్ కోపం" అన్నారు, ఇన్‌స్టాలో పాత ఫోటోలు తవ్వి తీశారు. ఈ ఊళ్ళో దీనివల్ల ఫేమ్ వచ్చిన అమ్మాయి ఎవరూ నాకు తెలీదు.

లాసన్స్‌బే_లాగ్
నా నెట్‌తో మ్యాచ్ పెట్టుకున్నా. పేజీ లోడయ్యేలోపు మీరు తీర్పు ఇచ్చేసేలా ఉన్నారు. కాస్త ఆగండి.

పాతకన్సోల్
గన్నర్, హేమ ఇద్దరూ అన్నది ఇవాళ పుట్టిన వాదన కాదు. 2014 ఆగస్టులో గేమర్‌గేట్, అంటే గేమ్స్ రంగంలోని ఆడవాళ్ళ మీద నెట్‌లో సాగిన వేధింపుల దుమారం, మొదలైంది కూడా అచ్చం ఇలాగే. అప్పుడు నేను కాలేజీలో ఉన్నాను, రోజూ చదివేవాణ్ణి.

జోయీ క్విన్ అని ఒక డెవలపర్. డిప్రెషన్ క్వెస్ట్ అనే చిన్న ఉచిత గేమ్ చేసింది. విడిపోయిన బాయ్‌ఫ్రెండ్ ఆమె మీద పేజీలకు పేజీలు రాసి నెట్‌లో పెట్టాడు. అందులోంచి జనం ఒక కథ అల్లారు. ఒక విలేకరితో సంబంధం పెట్టుకుని తన గేమ్‌కి మంచి రివ్యూ రాయించుకుందని. ఆ విలేకరి ఆ గేమ్‌కి రివ్యూ రాయనే లేదు. లేని రివ్యూ మీద నెలల తరబడి యుద్ధం నడిచింది. ఆమె ఫోన్ నంబరు, అడ్రసు బయటపెట్టారు, చంపుతామన్నారు. ఆమె ఇల్లు వదిలి వెళ్ళింది.

అదే ఏడాది అక్టోబరులో బ్రియానా వూ అనే ఇంకో డెవలపర్‌దీ అదే పరిస్థితి. అనీటా సర్కీసియన్ యూటా స్టేట్ యూనివర్సిటీలో మాట్లాడాల్సి ఉంటే, వస్తే కాల్పులు జరుపుతామని మెయిల్ వచ్చింది. అక్కడి చట్టం ప్రకారం లైసెన్సున్న తుపాకీని లోపలికి తేకుండా ఆపలేమని పోలీసులు చెప్పడంతో ఆమె ఆ ప్రసంగం రద్దు చేసుకుంది. ఆమె చేసిన నేరమల్లా గేమ్స్‌లో ఆడవాళ్ళని ఎలా చూపిస్తున్నారో వీడియోలు చేయడం. ఆ వీడియోల కోసం 2012లో 6,000 డాలర్లు చందా అడిగితే లక్షన్నర డాలర్ల పైన వచ్చింది. జనానికి ఆ కోపం అప్పటి నుంచే ఉంది.

ఇక్కడ చూడాల్సింది ఒకటుంది. రుజువు అడగనిది ఎవరు? ఒక మగవాడు ఒక ఆడదాని మీద రాసిన దాన్ని ఎవరూ "స్క్రీన్‌షాట్ ఎడిట్ చేశాడేమో" అనలేదు.

గాజువాక_గన్నర్
అదంతా నిజమే అన్నా, బెదిరింపుల్ని ఎవరూ సమర్థించట్లేదు. కానీ ఆ టైమ్‌లో విలేకరులకీ డెవలపర్లకీ మధ్య డబ్బు సంగతి అడిగినవాళ్ళు కూడా ఉన్నారు. ఆ తర్వాతే కొన్ని సైట్లు తమ రూల్స్ మార్చుకున్నాయి. అడిగినవాళ్ళందర్నీ ఒకే గాటన కట్టేశారు.

ఇంకోటి. 2019లో ఓవర్‌వాచ్ అనే షూటింగ్ గేమ్‌లో ఎల్లీ కథ గుర్తుందా? దాని రెండో స్థాయి లీగ్ కంటెండర్స్‌లో ఒక టీమ్‌లోకి కొత్తగా ఒక అమ్మాయి వచ్చిందన్నారు. ఎవరో కనుక్కుందామంటే అనుమానించినవాళ్ళంతా ఆడవాళ్ళకి శత్రువులన్నారు. తీరా చూస్తే ఎల్లీ అనే మనిషే లేదు, వేరే ప్లేయర్ ఆ పేరుతో ఆడుతున్నాడు. అందుకే అడిగేది, ముందు చూసి తర్వాత నమ్మండి అని.

హెడ్‌షాట్_హేమ
ఎల్లీ గుర్తుంటే గెగురి కూడా గుర్తుండాలి కదా. 2016లో కొరియాలో పదిహేడేళ్ళ పిల్ల. ఓవర్‌వాచ్‌లో జార్యా అనే పాత్రతో ఆమె గురి చూసి చీటింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతోందన్నారు. ఇద్దరు ప్రొఫెషనల్ ప్లేయర్లు ఆమె చీటింగ్ చెయ్యట్లేదని తేలితే ఆట మానేస్తామని పందెం కూడా కాశారు. పాపం ఆ పిల్ల స్టూడియోలో కూర్చుని, చేతులూ మౌసూ కనపడేలా కెమెరా పెట్టుకుని లైవ్‌లో ఆడి చూపించాల్సి వచ్చింది. ముఖానికి మాస్క్ కట్టుకుని. చివరికి ఏ చీటింగూ లేదని తేలింది. 2018లో షాంఘై డ్రాగన్స్ తరఫున ఓవర్‌వాచ్ లీగ్‌లో ఆడిన మొదటి అమ్మాయి ఆమే.

ఒక అబ్బాయి బాగా ఆడితే "ఏం ఆడుతున్నాడ్రా" అంటారు. అమ్మాయి ఆడితే చేతులు చూపించమంటారు.

లాసన్స్‌బే_లాగ్
నేను ఆడితే ఎవరూ చేతులు చూపించమనరు. పింగ్ చూపించమంటారు, నా నెట్ ఎంత నెమ్మదో అని.

మద్దిలపాలెం_అమ్మ
నేను ఆటలు ఆడను. మా పాప కోసం ఇక్కడ చదువుతుంటాను. ఇప్పుడు డిగ్రీ రెండో ఏడు, లాక్‌డౌన్‌లో మొదలుపెట్టింది. పబ్‌జీ 2020 సెప్టెంబరులో బ్యాన్ అయినరోజు ఇంట్లో అన్నం తినలేదు, అంత ఇష్టం.

దాని ఐడీ మగపిల్లాడి పేరు మీద ఉంటుంది. ఎందుకే అంటే "అదే హాయమ్మా" అంది. ఒకరోజు పక్కన కూర్చుని చూశాను. మ్యాచ్ మొదలవగానే చాట్‌లో "మైక్ పనిచెయ్యట్లేదు" అని పడిపోతుంది. రోజూ టైప్ చెయ్యక్కర్లేకుండా సేవ్ చేసి పెట్టుకుంది. ఆ హెడ్‌సెట్ సంక్రాంతికి నేనే జగదాంబలో కొన్నాను, బ్రహ్మాండంగా పనిచేస్తుంది. నా కళ్ళముందే ఒకసారి శత్రువు వెనకనుంచి వస్తున్నాడు, ఇది చూసింది, నోరు తెరిచి చెప్తే టీమంతా బతుకుతుంది. బటన్ మీద వేలు పెట్టి తీసేసింది. ఓడిపోయారు. నోరు విప్పితే ఆ మిగతా మ్యాచ్ ఎలా ఉంటుందో దానికి తెలుసు.

గన్నర్ బాబూ, నువ్వు చెడ్డవాడివని నేను అనను. కానీ నువ్వు ఒక టీమ్ నాలుగు నెలల కష్టం గురించి మాట్లాడుతున్నావు. మా పాప మూడేళ్ళుగా మూగదానిలా ఆడుతోంది, ఆ లెక్క కూడా చూడు.

గాజువాక_గన్నర్
అమ్మా, మీ పాపకి అలా ఉండటం తప్పే, ఒప్పుకుంటా. నేను ఆ ఒక్క కెప్టెన్ విషయంలో పద్ధతి అడుగుతున్నా, అంతే.

బీచ్‌రోడ్_బాట్
అందరూ మాటలు పడతారు గురూ. నన్ను రోజూ అమ్మా అయ్యా కలిపి తిడతారు. మ్యూట్ బటన్ ఉంది కదా. ఆన్‌లైన్‌లో ఇవన్నీ మామూలే.

సిరిపురం_సేజ్
@బీచ్‌రోడ్_బాట్ నిన్ను తిట్టేది సరిగ్గా ఆడలేదని. నన్ను తిట్టేది నోరు తెరిచానని. నేను మైక్ ఆన్ చేసి శత్రువులు ఎక్కడున్నారో చెప్తూ "A సైట్‌లో ఇద్దరు" అనగానే మొదట రెండు సెకన్లు అంతా నిశ్శబ్దం. తర్వాత "అరే అమ్మాయిరా". తర్వాత "సిస్టర్, సేజ్ తీసుకో, మమ్మల్ని హీల్ చెయ్యి". సేజ్ అంటే టీమ్‌కి వైద్యం చేసే పాత్ర. నేను ముందుండి కాల్చే డ్యూయలిస్ట్ పాత్ర తీసుకుంటే ఓడిన ప్రతి రౌండూ నా ఖాతాలోనే. నెంబరు అడుగుతారు, ఇవ్వకపోతే బూతులు. నువ్వన్న మ్యూట్ నొక్కితే నా టీమ్ చెప్పేది నాకు వినపడదు, అప్పుడు నేను నిజంగానే ఓడిపోతాను.

ఇంకా, ఈ కేసు మ్యూట్‌తో పోయేది కాదు. అతను ఆట బయట వెంటపడ్డాడు.

రుషికొండ_రూటర్
స్క్రీన్‌షాట్ ఎడిట్ గురించి గన్నర్ అన్నది సాంకేతికంగా నిజం. బ్రౌజర్‌లో ఎవరైనా ఎవరి మాటనైనా మార్చి ఫోటో తీయొచ్చు. ఆ ఫోటో చూసి ఎవరూ అవునూ కాదూ అని చెప్పలేరు. కానీ దానికి మందు ఉంది, "నమ్మకండి" అనేది మందు కాదు.

ఆ అమ్మాయికి ఎవరైనా ఇది చేరవేయండి. చాట్ డిలీట్ చెయ్యొద్దు, బ్లాక్ చేసినా పర్లేదు, చాట్ మాత్రం ఉండాలి. పైనుంచి కిందకి స్క్రోల్ చేస్తూ స్క్రీన్ రికార్డింగ్ తీసుకోవాలి, మొదట అతని ప్రొఫైల్ తెరిచి చూపించి. పేరు ఎవరైనా మార్చుకుంటారు. మనం వాడే చాట్ యాప్ డిస్కార్డ్‌లో డెవలపర్ మోడ్ ఆన్ చేస్తే ప్రతి అకౌంట్‌కీ, ప్రతి మెసేజ్‌కీ ఒక అంకెల ఐడీ కనపడుతుంది, అది మారదు. ఆ అంకెలు రాసిపెట్టుకోవాలి. డిస్కార్డ్‌లోనే ఆ మెసేజ్ మీద రిపోర్ట్ కూడా కొట్టాలి. అతను తన వైపు డిలీట్ చేసేస్తే ఆమె వైపు కూడా పోతుంది, కాబట్టి ఇవాళే చెయ్యాలి.

విచారణలో ఇద్దరి ఫోన్లూ ఎదురుగా తెరిపించండి. ఎడిట్ చేశారో లేదో పది నిమిషాల్లో తేలుతుంది.

కెఫే_అన్న
రూటర్ తమ్ముడు మంచి మాట చెప్పాడు. పిన్ చేసుకోండి.

నల్లకోటు
వృత్తిరీత్యా లాయర్‌ని, సాయంత్రాలు ఫిఫా ఆడతాను. "పోలీస్ కంప్లయింట్ ఇవ్వమనండి" అన్నదానికీ "పద్ధతి ఉందా" అన్నదానికీ కలిపి చెప్తాను.

క్రిమినల్ దారి: వద్దని స్పష్టంగా చెప్పాక కూడా పదే పదే సంప్రదించడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద వెంటపడటమే. ఆన్‌లైన్‌లో చేసినా అంతే. మొదటిసారికి మూడేళ్ళ దాకా శిక్ష. 2024 జులై 1కి ముందు జరిగినదైతే పాత ఐపీసీ 354డి. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లల విభాగం విడిగా ఉంది. సైబర్ హెల్ప్‌లైన్ 1930 నంబరు ప్రధానంగా డబ్బు మోసాలకి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి, రూటర్ చెప్పినట్టు దాచుకుంటే అప్పుడు పనికొస్తుంది.

రెండో దారి చాలామందికి తెలీదు. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల చట్టం, 2013. మనవాళ్ళు అది ఆఫీసులకే అనుకుంటారు. ఆ చట్టంలో పని ప్రదేశం అనే నిర్వచనంలోనే క్రీడా సంస్థ, స్టేడియం, పోటీలు జరిగే చోటు కూడా ఉన్నాయి. ఫిర్యాదు చేసే మహిళ అక్కడ ఉద్యోగి అయి ఉండాలని కూడా లేదు. పదిమంది కంటే తక్కువ పనిచేసే చోట్లకి జిల్లా స్థాయిలో లోకల్ కమిటీ ఉంటుంది. ఒక కెఫేలో జరిగే ఈ-స్పోర్ట్స్ టోర్నీ దీని కిందకి వస్తుందా అని అవతలి లాయర్ వాదిస్తాడు, నేనైనా వాదిస్తాను. కానీ ఫిర్యాదు పెట్టడానికి దారి లేదని మాత్రం ఎవరూ అనలేరు. గడువు మూడు నెలలు, కారణం చూపిస్తే ఇంకో మూడు.

గన్నర్ భయపడేదానికి కూడా అదే చట్టంలో జవాబుంది. కావాలని అబద్ధపు ఫిర్యాదు చేస్తే 14వ సెక్షన్ కింద చర్య ఉంటుంది. కానీ రుజువు చెయ్యలేకపోయినంత మాత్రాన అబద్ధం అయిపోదని అదే సెక్షన్‌లో రాసి ఉంది. ఇద్దరి పేర్లూ బయటపెట్టకూడదని 16వ సెక్షన్.

ఇంకొక ముఖ్యమైన మాట. మన గ్రూపుల్లో పదహారు, పదిహేడేళ్ళ పిల్లలు బోలెడంతమంది. ఆ అమ్మాయికి పద్దెనిమిది నిండకపోతే ఇదంతా పక్కన పెట్టండి, అది పోక్సో, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టం. తెలిసీ పోలీసులకి చెప్పకపోవడం కూడా నేరమే. నిర్వాహకులు "పర్సనల్" అనే ముందు వయసు కనుక్కోవాల్సింది.

సిరిపురం_సేజ్
పంతొమ్మిది, నాకు తెలుసు. కానీ ఆ సంగతి ఇప్పటిదాకా నిర్వాహకుల్లో ఒక్కరూ అడగలేదు.

ఉక్కునగరం78
ఇన్ని సెక్షన్లు ఎందుకండీ? ఆడపిల్లలకి వేరే టోర్నీ పెట్టేస్తే సరిపోదూ? మా స్టీల్‌ప్లాంట్ టౌన్‌షిప్‌లో బ్యాడ్మింటన్ అలాగే పెట్టేవాళ్ళం, ఎప్పుడూ గొడవ లేదు.

హెడ్‌షాట్_హేమ
అంకుల్, వేరే టోర్నీలు ఉన్నాయి. వాలరెంట్ చేసిన రయట్ కంపెనీవాళ్ళు 2021లో గేమ్ ఛేంజర్స్ అనే టోర్నీలు మొదలుపెట్టారు, 2022లో బెర్లిన్‌లో ప్రపంచ స్థాయి ఫైనల్స్ కూడా జరిగాయి. వాటివల్ల చాలామంది బయటికొచ్చారు, అవి ఉండాలి. కానీ బ్యాడ్మింటన్‌లో ఒంటి బలం తేడా ఉంటుందంటారు, మౌస్ కదపడానికి ఏం బలం కావాలి? పైగా వైజాగ్‌లో రెండు టీమ్‌లకి సరిపడా అమ్మాయిలు కూడా పేరివ్వరు. వేరే పెడితే ముందు రోజే "ఎంట్రీలు లేవు" అని రద్దు చేస్తారు. వేధించినవాడు మామూలు టోర్నీలో హాయిగా ఆడుకుంటాడు.

ఉక్కునగరం78
ఎంట్రీలు రావంటే అది వేరే సంగతి. అది నేను ఆలోచించలేదు తల్లీ, నాకు తెలిసింది చెప్పాను.

కెఫే_అన్న
పేరు చెప్పను గానీ ద్వారకానగర్ వైపు నాదొక గేమింగ్ కెఫే. నేను చూసేది రాస్తాను.

హెడ్‌సెట్ పెట్టుకున్నవాడికి తన గొంతు ఎంత పెద్దగా వస్తోందో తెలీదు. వాడు ఎక్కడో ఢిల్లీలో ఉన్న అమ్మాయిని తిడుతున్నా అనుకుంటాడు. ఆ మాటలు పక్క సీట్లో ఉన్న అమ్మాయి చెవిలో పడతాయి. ఒకసారి ఇద్దరు ఇంజినీరింగ్ అమ్మాయిలు వచ్చారు, రెండు గంటలకి డబ్బు కట్టారు. వెనక వరసలో ఒకడు మొదలుపెట్టాడు. వాళ్ళు అరగంటకే హెడ్‌సెట్లు తీసి కీబోర్డు మీద పెట్టేసి లేచారు. మిగిలిన డబ్బు తీసుకోమంటే "వద్దన్నా" అని వెళ్ళిపోయారు. గొడవ లేదు, కంప్లయింట్ లేదు, నా రిజిస్టర్‌లో ఏమీ లేదు. ఇదంతా లెక్కల్లోకి రాదు. అందుకే "మా దగ్గర ఎప్పుడూ సమస్య రాలేదు" అని ఏ ఓనరైనా అంటే నేను నమ్మను.

ఆ రోజు తర్వాత బోర్డు పెట్టాను. ఒకసారి చెప్తాం, రెండోసారి సిస్టమ్ ఆపేస్తాం, డబ్బు వెనక్కి రాదు. కొందరు రెగ్యులర్లు రావడం మానేశారు. ఆదాయం తగ్గింది, తర్వాత మెల్లగా కోలుకుంది. ఇప్పుడు వారం మధ్యలో కూడా అమ్మాయిలు వస్తున్నారు, తల్లిదండ్రులు వచ్చి చూసి మరీ పంపిస్తున్నారు.

ఇంటర్_సెకండియర్
అన్నా ఒకటి చెప్పొచ్చా. మా స్క్వాడ్‌లో ఒక అక్క ఉంది. ఎవడైనా తేడాగా మాట్లాడితే నేను "ఆపరా" అంటా. అప్పుడు అందరూ నా మీద పడతారు. అమ్మాయి మెప్పు కోసం పాకులాడుతున్నానని "సింప్" అంటారు, "నీకు పడదురా ఆమె" అంటారు. కాలేజీలో కూడా అదే పేరుతో పిలుస్తున్నారు. అందుకే చాలామందికి తప్పని తెలిసినా నోరు మూసుకుంటారు. చెడ్డవాళ్ళు తక్కువే అన్నా, నోరు మూసుకునేవాళ్ళే ఎక్కువ.

మద్దిలపాలెం_అమ్మ
నీలాంటివాడు ఒక్కడు ఉన్నా మా పాప మైక్ ఆన్ చేసేది నాన్నా. పిలిస్తే పిలవనీ.

గాజువాక_గన్నర్
నా మాట కూడా వినండి. మా బాబాయి కొడుకు మీద వేరే ఊళ్ళో కాలేజీలో ఇలాంటిదే వచ్చింది. పేరుతో సహా పేజీల్లో పెట్టారు. కమిటీ కూర్చుంది, ఆ రోజు వాడు అసలు ఊళ్ళోనే లేడని తేలింది, వేరే అబ్బాయి. అయినా ఆ పోస్టులు ఇప్పటికీ ఉన్నాయి. పెళ్ళిచూపుల్లో పేరు కొట్టి చూస్తే అదే వస్తోంది. పిన్ని ఏడుపు నేను చూశాను. 2019లో బయట ఒక గేమ్ డెవలపర్ మీద ఆరోపణలు వచ్చిన కొద్దిరోజులకే అతను చనిపోయాడు. నిజమో అబద్ధమో ఎవరూ తేల్చనే లేదు. ఈ పోస్టుల పద్ధతి నాకు భయం.

నల్లకోటు
నీ భయం న్యాయమైనదే గన్నర్. కానీ మీ తమ్ముణ్ణి కాపాడింది ఏమిటో చూడు. కమిటీ కూర్చోవడమే కదా. ఇక్కడ అలాంటిది లేదు కాబట్టే ఆ అమ్మాయి గ్రూపులో పోస్టు పెట్టాల్సి వచ్చింది. చెప్పుకునే చోటు మూసేస్తే మాట గోడలెక్కుతుంది.

పాతకన్సోల్
"రుజువయ్యేదాకా" అన్నదాని మీద ఒక సంగతి. యూబీసాఫ్ట్ అనే ఫ్రాన్స్ గేమ్ కంపెనీలో 2020 వేసవిలో వేధింపుల ఆరోపణలు బయటికొచ్చాయి. కంపెనీలో రెండో పెద్ద మనిషి లాంటి క్రియేటివ్ హెడ్ ఆ జులైలోనే రాజీనామా చేశాడు. కోర్టు తీర్పు ఎప్పుడొచ్చింది? 2025 జులైలో. ముగ్గురు మాజీ అధికారులు దోషులని తేల్చి, జైలుకి వెళ్ళక్కర్లేని సస్పెండెడ్ శిక్షలు వేశారు. అయిదేళ్ళు. కోర్టు తేల్చేదాకా ఆగుదామంటే మన కెప్టెన్‌కి పెళ్ళయి పిల్లలు కూడా పుడతారు, టోర్నీలు ఎన్ని అయిపోతాయో.

గాజువాక_గన్నర్
అయితే అమెరికా గేమ్ కంపెనీ యాక్టివిజన్ బ్లిజార్డ్ సంగతి కూడా చెప్పన్నా. 2021 జులైలో వేధింపులు, వివక్ష మీద కాలిఫోర్నియా ప్రభుత్వం కేసు వేసింది, ప్రపంచమంతా కంపెనీని తిట్టింది. 2023 డిసెంబరులో సుమారు 54 మిలియన్ డాలర్లకి రాజీ పడ్డారు. ఆ ఒప్పందంలో, కంపెనీ అంతటా వేధింపులున్నాయని ఏ కోర్టూ, ఏ స్వతంత్ర విచారణా తేల్చలేదని రాసుకున్నారు. 2020లో ఈవో అనే పెద్ద ఫైటింగ్ గేమ్స్ టోర్నీ అయితే సంస్థ సీఈఓ మీద ఆరోపణలొస్తే ఆన్‌లైన్ టోర్నీ మొత్తం రద్దు. ఆడాల్సినవాళ్ళేం పాపం చేశారు?

పాతకన్సోల్
రాజీ అంటే తీర్పు కాదు, అటు కాదు, ఇటూ కాదు. ఆ 54 మిలియన్ ప్రధానంగా ఆడవాళ్ళ జీతాలు, ప్రమోషన్ల వివక్ష మీద. వేధింపుల మీద అమెరికా కేంద్ర ఉద్యోగ సమానత్వ కమిషన్ విడిగా వేసిన కేసులో అదే కంపెనీ 18 మిలియన్ కట్టింది. రయట్ కూడా లింగ వివక్ష కేసులో 2021 చివర్లో 100 మిలియన్‌కి ఒప్పుకుంది.

ఈవో మాత్రం నువ్వన్నది సగం సరే. గేమ్ కంపెనీలు తప్పుకోవడంతో రద్దయింది. ముందే ఒక పద్ధతి, తప్పించే అధికారం ఉన్న ఇంకొకరు ఉండుంటే ఆ మనిషి ఒక్కడే పోయేవాడు, ఆట మిగిలేది. మనం అడుగుతున్నది అదే కదా.

కెఫే_అన్న
నా ప్రతిపాదన. టీమ్ ఉంటుంది, కెప్టెన్ పక్కన ఉంటాడు. మన టోర్నీ రూల్స్‌లో ఆరో ఆటగాడికి చోటుంది. అతని స్థానంలో సబ్‌స్టిట్యూట్ ఆడతాడు. పది రోజుల్లో విచారణ. ఏమీ తేలకపోతే తిరిగి వస్తాడు, ఎంట్రీ ఫీజు పోదు, గ్రూపులో నిర్వాహకులే ఆ మాట రాస్తారు. నలుగురి కష్టమూ పోదు.

గాజువాక_గన్నర్
సబ్‌స్టిట్యూట్‌కి నేను ఒప్పుకుంటా. కానీ అతన్ని ఒక్కసారి కూడా అడగకుండా పక్కన పెట్టడానికి ఒప్పుకోను. ముందు అతని మాట వినండి, ఆ తర్వాతే.

టోర్నీ_డెస్క్
నిర్వాహకుల తరఫున రాస్తున్నాను, ఇక్కడి పోస్టులన్నీ చదివాం. నిన్న మేం ముగ్గురం మాట్లాడుకున్నాం. మా రూల్‌బుక్‌లో చీటింగ్‌కి రెండు పేజీలున్నాయి, దీనికి ఒక్క లైను లేదు. ఆ అమ్మాయిని ఇవాళ గ్రూపులోకి తిరిగి చేర్చాం, అడ్మిన్ హక్కులు ఇంకో ఇద్దరికి ఇచ్చాం. కెఫే అన్న చెప్పిన సబ్‌స్టిట్యూట్ పద్ధతి పెడతాం, గన్నర్ అడిగినట్టు కెప్టెన్ మాట విన్నాకే. వినడానికి ముగ్గురు కావాలి, అందులో ఇద్దరు ఆడవాళ్ళు, ఏ టీమ్‌కీ చెందనివాళ్ళు. నల్లకోటు గారు వస్తారా?

బీచ్‌రోడ్_బాట్
ముగ్గురు కూర్చుని ఏం తేలుస్తారు? పోలీసులా ఏమైనా?

నల్లకోటు
నేరం తేల్చేది మనం కాదు, అది పోలీసులూ కోర్టూ చూస్తాయి. ఆమె ఆ దారిన వెళ్ళాలనుకుంటే ఎప్పుడైనా వెళ్ళొచ్చు, మన విచారణ దానికి అడ్డు రాకూడదు, "ఇక్కడే తేల్చుకుందాం" అని ఎవరూ ఒత్తిడి పెట్టకూడదు. మనం తేల్చేది ఒక్కటే, ఈ టోర్నీలో ఈ మనిషి ఆడొచ్చా అని. దానికి నేను వస్తాను.

సిరిపురం_సేజ్
ఇప్పుడే ఆమెతో ఫోన్‌లో మాట్లాడాను. వస్తానంది. రూటర్ చెప్పిన రికార్డింగ్, ఐడీలు అన్నీ తీసి పెట్టుకుంది. పోలీసుల దగ్గరకి వెళ్ళాలా వద్దా ఇంకా అనుకోలేదు, ఇంట్లో ఇంకా చెప్పలేదు. పెద్దవాళ్ళెవరైనా ఆడవాళ్ళు ఉంటే ధైర్యంగా ఉంటుందంది.

మద్దిలపాలెం_అమ్మ
నేను వస్తాను. ముగ్గురిలో ఒకరిగా వద్దు, ఆ పిల్ల పక్కన కూర్చుంటాను. ఎక్కడికి రావాలో చెప్పండి.

గాజువాక_గన్నర్
అతని పక్కన ఎవరు కూర్చుంటారు? అతని టీమ్‌వాళ్ళు ఇప్పటికే ఫోన్లు ఎత్తట్లేదంట. ఎవరూ లేకపోతే నేను వస్తా. పరిచయం లేకపోయినా పర్లేదు.

కెఫే_అన్న
ఆదివారం పొద్దున నా దగ్గరే. మధ్యాహ్నం దాకా కెఫే తెరవను, బయటివాళ్ళెవరూ ఉండరు.

నల్లకోటు
గన్నర్, తప్పకుండా రా. డెస్క్‌వాళ్ళకి ఒక మాట, ఇద్దరినీ ఒకే టైముకి పిలవకండి. ఆమె పదింటికి, అతను పన్నెండింటికి, మెట్ల మీద కూడా ఎదురుపడకూడదు. ఇద్దరినీ ఫోన్లు తెచ్చుకోమనండి, ఫుల్ ఛార్జ్‌తో. రూటర్ గారూ, అకౌంట్ ఐడీలు చూడటానికి మీరు కూడా ఉంటే మంచిది.

రుషికొండ_రూటర్
ఉంటాను. లాప్‌టాప్ తెస్తాను.